భయం నేర్పిన నస్రీన్ ఆపా

నస్రీన్ ఆపా ఇక లేరు. ఈ వాక్యం రాసి, కలం కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాను. ఎందుకు కడుక్కున్నానో చదివితే మీకే తెలుస్తుంది. పోయిన శుక్రవారం ఉదయం విశ్వవిద్యాలయంలో మా విభాగం ఫోను మోగితే ఎత్తింది నేనే. జహీరాబాదు నుంచి ఆపా తల్లి. "బేటీ, నస్రీన్ పోయింది. నువ్వు జల్ది రా. ఒక్కరు గూడ దగ్గరికి వస్తలేరు" అన్నారు. మరణవార్తకు దిగ్భ్రాంతి చెందాను, నిజమే. కానీ ఆ చివరి మాటకు నా ఒళ్ళు జలదరించింది.

ఒక జీవిలోని వంశలక్షణాన్ని వేరుచేసి మరో జీవిలో ప్రవేశపెట్టే జన్యు ఇంజనీరింగు మన దగ్గర ఇప్పుడిప్పుడే పాఠ్యాంశమవుతోంది. కోహీరు నుంచి నేను ఎమ్మెస్సీకి వచ్చేనాటికే, మేమంతా అక్క అనే అర్థంలో ఆపా అని పిలిచే ఆమె అందులో పరిశోధన చేస్తున్నారు. మట్టిలో ఒక సూక్ష్మజీవి ఉంది. అది తన జన్యువును మొక్కలోకి చొప్పించి, కాండం మీద గడ్డ పుట్టిస్తుంది. ఆ గడ్డ పుట్టించే గుణాన్ని తీసేసి, దాని చోట మనకు కావలసిన గుణాన్ని ఎక్కించి పంపడమే ఆమె పరిశోధన. జహీరాబాదు చుట్టుపక్కల పొలాల్లో కుళ్ళిపోయే అల్లాన్ని ఈ దారిన కాపాడాలని ఆమె సంకల్పం. "ఆ సూక్ష్మజీవి అల్లం జోలికి పోదమ్మా" అని ప్రొఫెసరుగారు నచ్చజెప్పబోతే, "పోయేదాంక నేను ఊకోను సార్" అనేవారు. మొండిఘటం!

ఇలాంటి నివాళి వ్యాసాల్లో ధీరవనిత అని రాయడం ఆనవాయితీ. నేను రాయను. రాస్తే ఆపా నా చెవి మెలిపెట్టేవారు. మొదటిరోజు ప్రయోగశాలలో ఆ సూక్ష్మజీవి పెరుగుతున్న సీసా పట్టుకుని నేను గజగజ వణుకుతుంటే తోటివాళ్ళు పకపకా నవ్వారు. ఆపా వాళ్ళను కసిరారు. "నవ్వకుండ్రి. వణికే చెయ్యే మూత గట్టిగ బిగిస్తది" అన్నారు. తర్వాత చాయ్ తాగుతూ నాతో, "భయాన్ని పోగొట్టుకోకు సుగుణా. దాన్ని పనికి పెట్టుకో" అన్నారు. సీసా తెరిచే ముందు ఆమె కూడా పెదవులు కదిలీ కదలకుండా బిస్మిల్లా అనుకునేవారు.

ఒకసారి ఎవరి చేతిలోంచో సీసా జారి నేలమీద భళ్ళున పగిలింది. అందరినీ బయటికి తరిమి, తలుపేసుకుని, స్పిరిటు పోసి ఆమె ఒక్కరే తుడిచారు. బయటికి వచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. "భయమైందా ఆపా?" అన్నాను. "మస్తు భయమైంది. గందుకే మళ్ళ మళ్ళ తుడిసిన" అన్నారు. ఆ కార్యనిష్ఠకు మూలం ధైర్యం కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఒక రంజాను పండక్కి నన్ను జహీరాబాదు తీసుకెళ్ళారు. షీర్ ఖుర్మా పాయసం గిన్నె నా చేతికిస్తూ వాళ్ళమ్మగారు, "గిన్నేండ్ల సంది ఏం చదువుతున్నవే? జర మాకు గూడ చెప్పు" అని కూతుర్ని నిలదీశారు. ఆపా తల్లిని పెరట్లోకి లాక్కెళ్ళి గులాబీ మొక్క మొదట్లో ఉన్న గరుకు బుడిపెను చూపించారు. "గిదే అమ్మీ. గీ గడ్డ లేపే పురుగునే నేను చదివేది." ఆమె చెంపలు వాయించుకుని, "తోబా! గులాబ్‌కు గింత రోగమా!" అన్నారు. ఆ పూట అందరం తెగ నవ్వుకున్నాం.

నిరుడు ఆపాకు కడుపులో గడ్డ లేచింది. హైదరాబాదు దవాఖానలో కోసి చూసి, తీయలేమని మళ్ళీ కుట్టేశారు. ఆ పిల్ల చదివిన గడ్డే ఆ పిల్లకు లేచిందని బస్తీ అంతా గుప్పుమంది. తల్లి ఆ గులాబీ మొక్కను పెకిలించి కాల్చేశారు. చూడ్డానికి వెళితే ఆపా, "పాపం, గులాబ్ ఏం జేసింది?" అన్నారు. నేను ఉండబట్టలేక, "ఆపా, ఒకవేళ..." అన్నాను. "అది చెట్లనే పడ్తది, మనుషుల జోలికి రాదు. చదువుకున్నవ్ గద?" అని గదమాయించారు. కాసేపటికి నా చేయి పట్టుకుని, "నాకు గూడ గదే షక్ వస్తది. వచ్చినప్పుడల్లా మళ్ళ చదువుత. సచ్చుడంటే మస్తు భయమైతుంది సుగుణా" అన్నారు.

శుక్రవారం నేను చేరేసరికి ఆ పార్థివదేహం ముందుగదిలో ఒంటరిగా ఉంది. కఫన్ గుడ్డ చుట్టేముందు ఆడవాళ్ళే స్నానం చేయించాలి. ఆడవాళ్ళు వచ్చారు, కానీ ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని వాకిట్లోనే ఆగిపోయారు. తల్లి నా భుజాలు పట్టి కుదిపేశారు. "నువ్వు గదే చదువు చదివినవ్. నిజం చెప్పు బేటీ, అంటుకుంటదా? నా బిడ్డ గిట్లనే మట్టిలకు పోవాల్నా?"

అంటుకోదు. పరీక్షల్లో పేజీలకు పేజీలు రాశాను. కానీ పొద్దుట్నుంచి నా చేయి ఊరికే మెడ మీదికి పోతోంది, గడ్డేమైనా తగులుతుందేమోనని. నేను తడబడితే ఆ వాకిట్లోంచి ఒక్కరూ లోపలికి రారు.

"అంటుకోదు ఖాలా" అన్నాను. ఎవరూ కదల్లేదు. ఇక మాటలతో అయ్యే పని కాదని లోపలికి వెళ్ళి, అందరికీ కనబడేలా ఆపా చేతిని నా చెంపకు ఆనించుకున్నాను. చల్లగా ఉంది. లోపల ప్రాణం గిలగిల్లాడింది. అయినా వదల్లేదు. వాకిట్లో ఒక ముసలమ్మ కొంగు బిగించింది. "గా పిల్లకు లేని భయం మనకేంది? నడువుండ్రి, నీళ్ళు కాగబెట్టుండ్రి!" నాకు లేకపోవడమేమిటి! తర్వాత తలుపు ఓరగా వేసుకుని వాళ్ళు స్నానం చేయించారు. నేను గడప బయట నిలబడి వేణ్ణీళ్ళు అందించాను.

నిన్న ప్రయోగశాలకు వెళ్ళాను. ఆపా బల్ల ఖాళీగా ఉంది. పొలాల్లో అల్లం ఇంకా కుళ్ళుతూనే ఉంది. ఆమె లేని లోటు పూడ్చలేనిది అంటున్నాను, మర్యాదకు కాదు, భయంతో. ఇదివరకు నా చేయి వణికితే చూసి నవ్వేవాళ్ళను కసరడానికి పక్కన ఒక మనిషి ఉండేది. ఆమె పనికి పెట్టించిన భయమే నా విద్య, అదే నా ధైర్యం. ఆ గురుమూర్తికి సమర్పించడానికి నా దగ్గర ఇంకేముంది?

ఆపా, ఇప్పుడు కూడా మస్తు భయంగా ఉంది. సీసా మూత గట్టిగానే బిగించాను.