భగవాన్ కాకా మెడలో టై

ఫిజీ దేశంలో, మా లాటోకా ఊరి బీమా ఆఫీసులో అందరికంటే పెద్దాయన భగవాన్ కాకా. లోవు అనే పల్లెలో చెరకు నరికిన మనిషి కొడుకు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ మెడలో టై లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆయనకు ఉక్కపోయకూడదని ఏసీ గడ్డకట్టేలా పెట్టేవాళ్ళు. పక్క టేబుల్ దగ్గర మోహిని ఉన్ని స్వెట్టర్ వేసుకుని కూర్చునేది. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల స్వెట్టర్లా! ఇదెక్కడి చోద్యం?

ఆఫీసులో హెచ్.ఆర్. పని నాది. కరెంటు ఆదా చేయండని గోడలనిండా కాగితాలు అంటించాను. ఒక్కరూ తలెత్తి చూడలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇక రూలే మార్చేశాను. శుక్రవారాల్లో వేసుకునే బూలా షర్టు, అదే మా పువ్వుల చొక్కా, ఇకమీదట రోజూ వేసుకోవాలి. ఏసీ ఇరవై ఆరు డిగ్రీలకు తగ్గదు. ప్రమోషన్లప్పుడు ఎవరు కరెంటు పొదుపు చేశారో కూడా చూస్తాం. కుర్రకారు ఎగిరి గంతేశారు.

కాకా మాత్రం రాజీనామా చేస్తానంటూ నా గదిలోకి వచ్చాడు.

"బేటీ, మా బాబు చెరకు ఖేత్‌లో ఎండకి మాడి నన్ను చదివించాడు. నా మెడలో టై చూసి ఎంత ఖుషీ అయ్యాడో నీకేం తెలుసు? ఈ పువ్వుల షర్ట్ నేను వేసుకోను."

నా కోపమంతా దిగిపోయింది. ఆయన లేని ఆఫీసు నేను ఊహించుకోలేను.

"టై కట్టుకోండి కాకా, మిమ్మల్ని బలవంతపెట్టను. ఏసీ మాత్రం పెంచను. ఉద్యోగం వదలకండి," అన్నాను.

ఆయన చెమటలు కక్కుతూనే పనిచేశాడు. మొండిఘటం!

ఓ మధ్యాహ్నం సబేటో పల్లె నుంచి రామన్న అనే ముసలి రైతు వచ్చాడు. ఇన్నేళ్ళూ వరండాలోనే నిలబడి, పని కాగానే వెళ్ళిపోయేవాడు. ఆ రోజు నేరుగా లోపలికొచ్చి కాకా ఎదుట కూర్చున్నాడు.

"ఏం మామా, ఇవాళ లోపలికొచ్చావు?" అన్నాడు కాకా నవ్వుతూ.

"చలి లేదు కదయ్యా. చూస్తే అందరూ మా లాగే షర్ట్ వేసుకున్నారు. ధైర్యం వచ్చింది. మీ బాబు కూడా వచ్చాడు ఒకసారి, నీకు రోటీ పట్టుకుని. నేను కూడా ఉన్నా. కిటికీ అద్దంలోంచి నీ టై చూసి బహుత్ ఖుషీ అయ్యాడు. లోపలికి పోదాం అని నేనంటే, నా బట్ట మైల్ ఉంది, అంతా మట్టి, వాడికి షరమ్ అవుతుంది, సిగ్గుపడతాడు అన్నాడు. వెళ్ళిపోయాం."

"రోటీ?" అన్నాడు కాకా.

"తోవలో ఇద్దరం తినేశాం."

కాకా అందరి ముందూ బావురుమన్నాడు. మోహిని పరుగున మంచినీళ్ళు తెచ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు.

మర్నాడు ఆయన ఆకుపచ్చ బూలా షర్టుతో వచ్చి, నన్నడగకుండానే ఏసీ కట్టేసి కిటికీలన్నీ తెరిచాడు. సముద్రపు గాలి హాయిగా లోపలికొచ్చింది. వరండాలో చెరకు రైతులిద్దరు తమ మట్టికాళ్ళు చూసుకుంటూ నిలబడి ఉన్నారు. కాకా బయటికెళ్ళి వాళ్ళ చేతులు పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. తన కుర్చీ పక్కనే ఇంకో రెండు కుర్చీలు వేశాడు.

"కూర్చోండి. ఇక్కడ మా బాబు కూర్చోవాల్సింది," అన్నాడు.