తలుపు బయట మా లైబ్రరీ మేడమ్

మా కాలేజీ లైబ్రరీ మేడమ్ పోయారన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. పాత విద్యార్థుల గ్రూప్‌లో అంతకుముందు రోజు ఎవరో లైబ్రరీకి కొత్త కంప్యూటర్లు వచ్చాయని ఫోటోలు పెట్టారు. మర్నాడు పొద్దున వాటి కిందే, హరూర్‌లో ఉండే నా క్లాస్‌మేట్ ఒక్క వాక్యం పెట్టింది. మన మేడమ్ ఇక లేరు. స్టవ్ మీద పాలున్నాయి. ఫోన్ బోర్లా పెట్టి పాలవైపే చూస్తూ నిలబడ్డాను. ఆ వాక్యం రెండోసారి చదవాలంటే భయమేసింది. చదవకపోతే నిజం కాకుండా పోతుందేమోనన్న పిచ్చి ఆశ.

మీలో ఎవరూ ఆవిడను ఎరిగి ఉండరు. ధర్మపురిలో మేం చదివిన కాలేజీకి ఆవిడ లైబ్రేరియన్. ఆవిడది పాపారపట్టి, మాది కంబైనల్లూరు. రెండిళ్ళలోనూ మాట్లాడేది తెలుగే, చదువూ సంధ్యా అంతా తమిళం. నేను పెళ్ళై కుప్పం వచ్చాక మా అత్తగారి దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. ఆవిడకు తెలుగు చదవడం చివరిదాకా రాలేదు. బతికి ఉన్నా ఇది చదివి నన్ను నిలదీయలేరు. ఇవాళ నాకున్న ధైర్యం అదొక్కటే.

ముందే చెప్పేస్తున్నాను, మా మేడమ్ మహా పిరికి మనిషి. పోయినవాళ్ళ గురించి అలా రాయకూడదంటారు గానీ, అది రాయకపోతే ఆవిడ గురించి రాసినట్టే కాదు. ఫ్యాన్ కొంచెం కిర్రుమంటే చాలు, దాని కింద కూర్చున్నవాళ్ళను లేపి పక్క బల్లకు తోలేవారు. ఎవరైనా నిచ్చెనెక్కి పై అరలో పుస్తకం తీస్తుంటే కింద నిలబడి నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని, "చాలు, దిగు. ఆ పుస్తకం లేకుంటే పరీక్ష పోతాదా?" అనేవారు. ఉరిమితే కంప్యూటర్ల ప్లగ్గులన్నీ పీకేసేవారు. మేం ఊరికి బయలుదేరితే ఏ బస్సు, ఎవరితో, చీకటి పడకముందే చేరతారా అని వరసగా అడిగేవారు. మామూలుగా అందరితోనూ తమిళమే, మాతో కూడా. భయమేసినప్పుడు మాత్రం ఆవిడకు తెలుగు వచ్చేసేది. మేడమ్ తెలుగులోకి దిగారంటే ఎక్కడో ఏదో ఊడిపడబోతోందని నాకూ హరూర్ పిల్లకూ అర్థమైపోయేది. మేమిద్దరం హాస్టల్లో, భయమేస్తే ఆవిడ కొంగు గుప్పిట పట్టుకునే తీరును అనుకరించి అందరినీ నవ్వించేవాళ్ళం.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ప్రతిదానికీ ఇన్ని ప్రశ్నలు ఎందుకు మేడమ్ అని. "నాకు భయం, అందుకే అడుగుతా ఉండాను. భయం లేనోళ్ళు అడగరు కదా," అన్నారు. ఆ మాట ఆవిడ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

లైబ్రరీ గుమ్మం పక్కన ఒక నల్లబల్ల ఉండేది. సోమవారం వచ్చిందంటే దానిమీద సుద్దముక్కతో తమిళంలో ఆ వారం లైబ్రరీ వార్తలు రాసేవారు. ఏ పుస్తకాలు వచ్చాయి, వ్యాసరచన పోటీ ఎప్పుడు, పత్రికల్లో బొమ్మలు కత్తిరించుకుపోయింది ఏ శాఖవాళ్ళు, అన్నీ ఉండేవి. ఆ బల్లమీద అబద్ధం రాయడం ఆవిడ ఎరగరు. ఒకసారి బీరువాల వెనక పాము దూరిందని గోల లేస్తే, ఆ సోమవారం ఇలా రాశారు: "లైబ్రరీలో పాము ఉన్నదన్నది నిజం కాదు. అది బెల్టు. చూసి కేక పెట్టినది లైబ్రేరియన్." మేం దాన్ని ఫోటో తీసి గ్రూపులన్నిటికీ పంపుకున్నాం. ఆవిడ ఏమీ అనుకోలేదు.

బెల్టు సంగతి నవ్వులాట. తేనెటీగల సంగతి మాత్రం కాదు. మా లైబ్రరీ మేడమీద, సన్‌షేడ్ కింద, ఏటా పెద్దజాతి తేనెటీగలు పట్లు పెట్టేవి. ఒక్కోటీ చేటంత ఉండేది. కింద నుంచి చూస్తే నల్లగా, అప్పుడప్పుడూ అల వచ్చినట్టు కదిలేది. వాటిని తీయించమని మేడమ్ ఆఫీసు చుట్టూ తిరిగారు. మనం వాటి జోలికి పోకపోతే అవి మన జోలికి రావని అక్కడ నవ్వి పంపేసేవాళ్ళు. చేసేది లేక ఆవిడే మా చేత సాధన చేయించారు. బెల్లు మోగితే అందరూ లోపలికి రావాలి, కిటికీలు మూయాలి, లైట్లూ ఫ్యాన్లూ ఆపాలి, అద్దాల తలుపుకు గడియ పెట్టాలి, తర్వాత ఎవరొచ్చినా తీయకూడదు. మాకదొక ఆట. గడియ పెట్టే పని హరూర్ పిల్లది.

మేం చివరి ఏడాదిలో ఉండగా లైబ్రరీలో పుస్తక ప్రదర్శన పెట్టారు. ప్రారంభానికి జిల్లా పెద్దాఫీసరు వస్తున్నారని రిబ్బను కట్టారు, వేదిక మీద జంపఖానా పరిచారు. గుమ్మంలో చందనం, పన్నీరు పట్టుకుని నిలబడే పని నాది. మా అమ్మ పట్టుచీర కట్టుకుని, జడనిండా మల్లెపూలు పెట్టుకుని తయారయ్యాను. అంతలో కుర్రాళ్ళు కొందరు పొడుగాటి టపాకాయల సరం తెచ్చి మెట్లముందు పరిచారు. అది చూసి మేడమ్ పరుగున వచ్చారు. తమిళంలో బతిమాలారు. పైకి చెయ్యి చూపించారు. పెద్దవాళ్ళు వస్తుంటే చప్పుడు లేకుండా ఎట్లా మేడమ్ అని వాళ్ళు నవ్వారు. ఆవిడ నావైపు తిరిగి, "లోపలికి రా అమ్మణ్ణీ, నాకేమో బాగా తోచలా," అన్నారు, తెలుగులో. కారు గేటు దగ్గరికి వచ్చేసింది. చేతిలో పన్నీరు చెంబు పెట్టుకుని నేనెలా కదలను? ఆవిడ ఒక్కరే లోపలికి వెళ్ళి బెల్లు దగ్గర నిలబడ్డారు.

సరం పేలుతూనే ఉంది, పైనుంచి ఏదో నల్లగా జారింది. గోడే కరిగి కిందికి వస్తోందనుకున్నాను. తర్వాత ఆ రొద మొదలైంది. నేను మీకు ఆ రొద రాసి చెప్పలేను. ఇప్పటికీ పెళ్ళి మండపాల్లో జనరేటర్ ఆన్ చేస్తే లేచి దూరంగా వెళ్ళిపోతాను. ఆఫీసరు కారు గేటులోంచే వెనక్కి తిరిగి పోయింది. కుర్రాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు పరుగెత్తారు. లోపల బెల్లు మోగుతోంది. గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ లోపలికి పోయారు. నేను పరుగెత్తబోయి పట్టుచీర కుచ్చిళ్ళు తొక్కి మెట్లమీద బోర్లా పడ్డాను. పన్నీరంతా నా ఒంటిమీదే ఒలికింది. మల్లెపూలు, పన్నీరు, వాటికి ఇంకేం కావాలి? మోకాళ్ళమీద లేచేసరికి తలుపు మూసేశారు.

మోకాళ్ళమీదే పాకి, అద్దానికి చేతులు ఆనించాను. అవతల లైబ్రరీ నిండా పిల్లలు, నా ఈడువాళ్ళే, నన్ను చూస్తున్నారు. వాళ్ళ ముందు మేడమ్. కొంగు గుప్పిట పట్టుకుని నిలబడ్డారు. తలుపు తీస్తే నాతోపాటు అవన్నీ లోపలికి వస్తాయి, ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసినా తీయమనే అరిచాను. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను.

ఆవిడ వెళ్ళింది వేదిక దగ్గరికట. జంపఖానా లాగి, భుజాన వేసుకుని వచ్చి, హరూర్ పిల్లతో ఇలా చెప్పారట: "నేను బయటికి పోంగానే గడియ వేసెయ్. మళ్ళా నేను తట్టినా తీయొద్దు. ఏడిచినా తీయొద్దు." మనిషి పట్టేంత సందు చేసుకుని బయటికి వచ్చారు. వెనక గడియ పడింది. ఆ బరువైన జంపఖానాను నామీదా తనమీదా ముసుగేసి, అంచులు కాళ్ళకింద తొక్కిపెట్టారు.

సినిమాల్లో అయితే ఇక్కడితో ఆవిడ ధైర్యవంతురాలు అయిపోతారు. మా మేడమ్ కాలేదు. ముసుగులో దూరిన ఈగ ఒకటి మెడమీద కుట్టగానే ఆవిడ తలుపు బాదడం మొదలుపెట్టారు. తీయండి పిల్లలూ, మీకు దండం పెడతాను, తీయండి అని ఏడ్చారు. హరూర్ పిల్లను పేరుపెట్టి పిలిచారు, వాళ్ళమ్మ మీద ఒట్టు పెట్టారు. నేనూ ఆవిడతో కలిసి బాదాను. తలుపు తెరుచుకోలేదు. గడియ మీద చెయ్యి పెట్టుకుని ఆ పిల్ల అవతల ఏడుస్తూ నిలబడిందని తర్వాత తెలిసింది. అగ్నిమాపక దళంవాళ్ళు వచ్చి పొగపెట్టేదాకా మేం అక్కడే ఉన్నాం.

ఇద్దరినీ ఆసుపత్రిలో పెట్టారు. నాకు కాళ్ళూ చేతులూ వాచాయి. ఆవిడకు వీపంతా. కళ్ళు మూసుకుపోయి మనిషి ఆనవాలు తెలియలేదు. రెండురోజులు ఏమవుతుందో డాక్టర్లు చెప్పలేదు. ఆ రెండురోజులూ పక్క వార్డులో పడుకుని, నర్సు అడుగుల చప్పుడు విన్నప్పుడల్లా ఆ మాట చెప్పడానికే వస్తోందని దుప్పటి బిగించి పట్టుకునేదాన్ని. ఆవిడ బతికారు. లోపలున్న పిల్లల్లో ఒక్కరికి కూడా ఏమీ కాలేదు.

కాలేజీవాళ్ళు ఆవిడ ధైర్యానికి శాలువా కప్పుతామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. మళ్ళీ పనిలో చేరిన రోజు, మొహం ఇంకా ఉబ్బే ఉంది, గుమ్మం దగ్గర హరూర్ పిల్ల ఎదురైంది. ఆ పిల్ల అప్పటికి అన్నం సరిగా తినడం లేదు. మేడమ్ అరుపులు చెవుల్లోంచి పోవడం లేదని హాస్టల్లో నిద్ర మానేసింది. మేడమ్ సుద్దముక్క తీసుకుని నల్లబల్ల దగ్గరికి వెళ్ళారు. "పుస్తక ప్రదర్శన వాయిదా పడినది. తేనెటీగలు వచ్చినవి. లైబ్రేరియన్ తలుపు తీయవద్దని చెప్పి బయటికి వెళ్ళి, తర్వాత భయపడి తీయమని ఏడ్చినది. విద్యార్థిని తీయలేదు. ఆమె చేసినది సరి. ఆమెకు కృతజ్ఞతలు. కొత్త పుస్తకాలు రేపటి నుండి ఇవ్వబడును." ఆ పిల్ల అది చదివి అక్కడే మెట్లమీద కూలబడి ఏడ్చింది. మేడమ్ పక్కన కూర్చుని, "తీసి ఉంటే నిన్ను క్షమించి ఉండను," అన్నారు. మొన్న గ్రూప్‌లో ఆ వాక్యం పెట్టింది ఆ పిల్లే.

ఈమధ్య ఆవిడకు ఒంట్లో బాగాలేదంటే వెళ్ళి చూసొచ్చాను. చిక్కిపోయారు. మంచం పక్కన స్విచ్చుబోర్డు చూపించి, "దాని దగ్గర తడి చేయి పెట్టొద్దు," అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అన్నేళ్ళూ అడగనిది అప్పుడు అడిగాను, అంత భయంలో బయటికి ఎందుకొచ్చారు మేడమ్ అని. "లోపల నిలబడి నిన్ను చూస్తా ఉండేదానికి ఇంకా భయమేసింది," అన్నారు.

నల్లబల్ల మీద రాయనిది ఒకటి ఉంది. అది నాకొక్కదానికే తెలుసు. తలుపు తెరుచుకోదని అర్థమయ్యాక మేడమ్ అరవడం మానేశారు. ఆ జంపఖానా కింద నన్ను పొట్టలోకి లాక్కుని, నామీద వంగి పడుకున్నారు. పైన అవి గుడ్డమీద పాకుతున్న చప్పుడు. "భయంగా ఉండాదా అమ్మణ్ణీ?" అని అడిగారు. ఉంది మేడమ్ అన్నాను. "నాకూ," అన్నారు. నా చెవి ఆవిడ గుండెకు ఆనుకుని ఉంది. అది ఎంత వేగంగా కొట్టుకుందంటే, కాసేపటికి నాకు బయటి రొద వినబడడం మానేసింది. అప్పటిదాకా నా ప్రాణం కోసం భయపడ్డదాన్ని, అక్కడినుంచి ఆ గుండె ఎక్కడ ఆగిపోతుందోనని భయపడుతూ, దాన్నే వింటూ పడుకున్నాను.