‘ఇది తెలుగు మాట కాదు’

భయపడటానికి స్తెఫనుకు కారణం అక్కరలేదు. కారణం దొరక్కపోతే, ఎందుకు దొరకలేదా అని భయపడేవాడు. కొత్తపేట రైతుబజారు వెనక సందులో, మొదటి అంతస్తులో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్. తాళం వేసి మెట్లు దిగుతాడు, మళ్లీ ఎక్కి తాళం లాగి చూస్తాడు, దిగి సందు చివరిదాకా పోయి అక్కణ్నుంచి ఒకసారి తల తిప్పి చూస్తాడు. అప్పుడుగానీ కాళ్లు ముందుకు పడవు. “ఆ తాళానికే యాష్టకొచ్చి ఒకనాడు ఊడి పడ్తది” అనేది ఆయన భార్య రెబెక్క.

పుట్టింది చౌటుప్పల్ దగ్గర పల్లెలో. చదివింది మిషన్ హాస్టల్లో. అక్కడ ఒక టీచరు ఆయన మాట వినగానే నవ్వేవాడు, తరగతి మొత్తం నవ్వేది. అప్పటినుంచి స్తెఫను నోట్లో రెండు నాలుకలు మొలిచాయి. అబద్ధాలాడే రెండు నాలుకలు కావు పాపం, బతకనేర్చిన రెండు నాలుకలు. ఇంట్లో “పోతున్న, చేస్తున్న”. ఇన్‌స్టిట్యూట్ గడప దాటితే “వెళ్తున్నానండి, చేస్తున్నానండి”. మెట్ల మీద ఎక్కడో ఒకచోట నాలుక మారేది. “ఇయ్యాల దిగేటప్పుడు మార్చుకునుడు మర్శినవా?” అని రెబెక్క ఎగతాళి చేసేది.

ఇంతటి పిరికివాడు ఒక బృందాన్ని కూడగట్టాడంటే, దానికి పుణ్యం కట్టుకున్నవి బంద్‌లు. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నెలలో సగం రోజులు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల షట్టర్లు దించి ఉండేవి. టైపు నేర్చుకునే పిల్లలు వచ్చేవారు కాదు. ఖాళీ గదిలో ఒంటరిగా కూర్చుంటే స్తెఫనుకు ఇంకా భయం. ఆ ఖాళీలో, మూలన దుమ్ము పట్టిన పాత కంప్యూటర్ తుడిచి పెట్టాడు. అందులో ఎప్పటివో మాటల ఆటలు ఉన్నాయి. బొమ్మలుండవు, చప్పుళ్లుండవు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, అంతే. “నువ్వు గుహ ముందు నిలబడ్డావు, లాంతరు ఉంది” అని ఇంగ్లీషులో రాసి వస్తుంది. ఏం చేస్తావో మాటల్లో కొట్టాలి. తీసుకో, తెరువు, ఉత్తరానికి వెళ్లు. కొట్టిన మాట మిషన్‌కు తెలిస్తే కథ కదులుతుంది, తెలియకపోతే అక్కడే ఆగిపోతుంది.

కాలనీ సంఘం అర్జీ టైపు చేయించుకోడానికి వచ్చిన రామమోహనరావు గారు అది చూశారు. తెనాలి నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ముప్పై ఏళ్లుగా స్థిరపడ్డ బ్యాంకు ఆఫీసరు, రిటైరయ్యారు. “ఇదేం ఆటయ్యా, బొమ్మే లేదు!” అని వెక్కిరించి, అర్జీ సంగతి మరిచి చీకటి పడేదాకా గుహలోనే ఉండిపోయారు. మరుసటి ఆదివారం కోడలు సూర్యప్రభను వెంటబెట్టుకొచ్చారు. ఆమె కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. కింది పోర్షన్లో కిరాయికుండే అంతయ్య, ఆర్టీసీ కండక్టరు, పైన ఏం నవ్వులాట అని చూడొచ్చి చాప మీద కూలబడ్డాడు. నలుగురయ్యారు.

తెర చిన్నది, స్తెఫను వైపుకే తిరిగి ఉండేది. కాబట్టి వాడుక ఒకటి ఏర్పడింది. స్తెఫను టైపు కొట్టి, వచ్చిన జవాబు పైకి చదువుతాడు. మిగతా ముగ్గురూ చాప మీద కూర్చుని ఏం చేయాలో చెప్తారు. సూర్యప్రభ నేల మీద సుద్దముక్కతో దారులు గీస్తుంది. ఇంకో నియమం స్తెఫనే ధైర్యం చేసి పెట్టాడు: “రాజకీయం చెప్పులతోపాటు బయటే వదలండి.” లోపల తెలంగాణ అన్నా సమైక్యం అన్నా, అన్నవాళ్లు అందరికీ చాయ్ పోయించాలి. కొన్ని వారాలు అంతయ్య, రామమోహనరావు పోటీలు పడి పోయించారు.

చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నది మొదలు ఆదివారాలు స్తెఫనుకు ఒకటే భయం. వీళ్లిద్దరూ ఎప్పుడు కొట్టుకు చస్తారో అని. అయినా ఆ రెండు మూడు గంటలే ఆయనకు వారం మొత్తం మీద మనిషిలా బతికిన సమయం. నలభై ఎనిమిదేళ్లకు ఆయనకు దొరికిన స్నేహితులు ఈ ముగ్గురే. ఆ చాప చిరిగిపోతే మళ్లీ అతుకు పడదని ఆయనకు తెలుసు.

ఇంగ్లీషు ఆటలతో అంతయ్య వెనకబడిపోతున్నాడని, తెలుగులో మనమే ఒక ఆట కడదామని రామమోహనరావు గారే అన్నారు. మాటలన్నీ ఆయనవి, ప్రోగ్రాము సూర్యప్రభది. బంద్ నాడు కొత్తపేట పండ్ల మార్కెట్లో చిక్కుకుపోయిన మనిషి గేటు తాళంచెవి ఎలా సంపాదించి బయటపడతాడన్నది కథ. బత్తాయి గంపలు, కునికే వాచ్‌మన్, అరటిగెల నములుతూ దారికడ్డం పడుకున్న ఆవు, అన్నీ పెట్టారు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు కొట్టాలి. సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయిన వారం ఆట తయారైంది. శనివారం రామమోహనరావు గారు స్వయంగా ఫ్లాపీ తెచ్చి, పెళ్లి శుభలేఖలా రెండు చేతులతో అందించారు. “ఏమయ్యా స్తెఫనూ, రేపటికి ఒకసారి ఆడి చూడు. తప్పులుంటే చెప్పు.”

ఆయన వెళ్లగానే స్తెఫను కూర్చున్నాడు. గదిలో ఎవరూ లేరు, ఏ నాలుక కావాలో చూసుకోవలసిన పని లేదు. మొదటి గంప కనబడగానే వేళ్లు వాటంతటవే కొట్టాయి: దేవులాడు.

తెర మీద జవాబు వచ్చింది: ఇది తెలుగు మాట కాదు.

స్తెఫను ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా నవ్వుతున్నారేమోనని. తర్వాత తప్పు తనదే అన్నట్టు గబగబా చెరిపి ‘వెతుకు’ అని కొట్టాడు. గంప కింద ఒక చీటీ దొరికింది. ఆట ముందుకు పోయింది. కానీ స్తెఫను పోలేదు. దర్వాజ అని కొట్టి చూశాడు. ఇది తెలుగు మాట కాదు. గుంజు. ఇది తెలుగు మాట కాదు. అంతయ్య ఆటలో ఓపెన్, క్లోజ్ అంటూ ఇంగ్లీషు దొర్లిస్తుంటాడు కదా, అతన్ని ఆట పట్టించడానికి పెద్దాయన సరదాగా రాసిన వాక్యం అది. ఆ సంగతి స్తెఫనుకు తెలుసు. రేపు అంతయ్యకు తెలియదు.

ఆ రాత్రి ఆయన అడకత్తెరలో పోకచెక్క. రామమోహనరావు సార్‌కు చెప్పాలంటే భయం. రెండు నెలలు ముద్దుగా రాసుకున్న మనిషితో, మీ తెలుగులో మా మాట లేదండి అని ఈ రోజుల్లో ఎలా అంటాడు? “నువ్వు కూడానా స్తెఫనూ” అంటే? చెప్పకపోతే అంతయ్య. అతను పొద్దంతా డిపో ముందు సమ్మె శిబిరంలో కూర్చుని వస్తున్నాడు, గొంతు బొంగురుపోయి, కళ్లు ఎర్రబడి. మా బాస బాస కాదా అని అక్కడ మైకులో వాళ్లు అడుగుతున్నదే ఇది. ఆ ఒక్క వాక్యం చాలు, చాప రెండుగా చిరిగిపోతుంది.

“ఏందే, పండవా?” అంది రెబెక్క.

“ఏం లేదు.”

“గంత పరేషాన్ ఎందుకు మరి?”

తెల్లవారేసరికి స్తెఫనుకు పాము చావని, కర్ర విరగని ఉపాయం తట్టింది. కొట్టేది తాను. తెర తన వైపే ఉంది. అంతయ్య ఏ మాట అన్నా, తాను మిషన్‌కు తెలిసిన మాట కొడితే సరి.

ఆదివారం అదే చేశాడు. “గంప కింద దేవులాడన్నా” అన్నాడు అంతయ్య. స్తెఫను ‘వెతుకు’ కొట్టాడు. “దర్వాజ గుంజు.” ‘తలుపు లాగు.’ వేళ్లు తడబడలేదు, ముప్పై ఏళ్లుగా నోరు చేస్తున్న పనే కదా అది. అంతయ్య నవ్వు చూడాలి ఆ రోజు! సమ్మె మొదలయ్యాక అతను అలా నవ్వడం ఎవరూ చూడలేదు.

“సార్, మీ మిషన్‌కు మా మాట మంచిగ సమజైతుందే! మీరు గింత మనసున్నోళ్లని నేను అనుకోలే.”

రామమోహనరావు గారు సూర్యప్రభ వైపు చూశారు. “నువ్వేమైనా చేర్చావేంటమ్మా?”

“లేదు మావయ్యా” అంది ఆమె, సుద్దముక్క ఆపి.

ఇంతలో అంతయ్య లేచి కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“జర జరుగన్నా. ఒక్కపారి నేను కొడ్త.”

“ఒద్దు తమ్మీ, కీలు గట్టిగున్నయ్...”

“టికెట్ మిషన్ కొట్టే చెయ్యిది. జరుగు.”

జరగక తప్పలేదు. అంతయ్య ఒంటివేలితో అక్షరం అక్షరం దేవులాడు అని కొట్టాడు. జవాబు వచ్చింది. కూడబలుక్కుని పైకి చదివాడు: “ఇది... తెలుగు... మాట... కాదు.”

చాప మీద నుంచి రామమోహనరావు గారు పకపకా నవ్వారు. “దొరికావా! మళ్లీ ఇంగ్లీషు కొట్టావు కదూ?”

“దేవులాడు అని కొట్టిన సార్.”

నవ్వు ఆగిపోయింది. సూర్యప్రభకే ముందుగా అర్థమైంది. ఆమె స్తెఫను ముఖంలోకి చూసి తల దించుకుంది. అంతయ్యకు తర్వాత అర్థమైంది.

“మరి ఇందాక నేను చెప్పినప్పుడు నువ్వేం కొట్టినవన్నా?”

స్తెఫను తెర వైపే చూస్తూ అన్నాడు. “వెతుకు అని.”

స్తెఫను భయపడ్డ కేక రాలేదు. వస్తే బాగుండేది. అంతయ్య మెల్లిగానే అన్నాడు: “సార్‌కు తెల్వదు. సరే. నీకు తెల్సు గదనే. మనమ్మలు మాట్లాడిన మాట గదనే.”

“అంతయ్యా, తప్పు నాదయ్యా, అతనిది కాదు” అంటూ పెద్దాయన మోకాళ్లు పట్టుకుని లేవబోయారు. “ముప్పై ఏళ్లుగా వింటూనే ఉన్నాను. రాసేటప్పుడు తట్టనే లేదు.”

“మీతోని నాకు కొట్లాట లేదు సార్” అన్నాడు అంతయ్య. బయటికి పోయి చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఎవరి మీద ఎవరు విరుచుకుపడతారోనని ఇన్నాళ్లూ నాలుగు దిక్కులా కాపలా కాసినవాడు, చీలిక తన కుర్చీ నుంచే వస్తుందని కనిపెట్టలేకపోయాడు. మరునాడే సూర్యప్రభ కొత్త ఫ్లాపీ తెచ్చింది. దేవులాడు, గుంజు, దర్వాజ, ఇంకా పెద్దాయన పాలవాణ్నీ పనిమనిషినీ అడిగి రాసుకున్న మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆ వాక్యం తీసేసి, ‘ఈ మాట నాకు ఇంకా రాదు’ అని పెట్టారు. స్తెఫను దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాడు. కింది పోర్షనుకు తాళం వేసి ఉండేది. అంతయ్య పొద్దున్నే పోయి పొద్దుపోయాక వచ్చేవాడు, మెట్ల కింద ఎదురైతే పక్కకు తప్పుకుని దారిచ్చేవాడు. ఆ మర్యాదే స్తెఫనును చంపింది. అన్నం సహించలేదు. ఆదివారం వస్తుందంటేనే దడ.

ఆదివారం వచ్చింది. ముగ్గురే కూర్చున్నారు. సూర్యప్రభ సుద్దముక్క పట్టుకుంది గానీ గీత గీయలేదు. రామమోహనరావు గారు గడియారం చూసి, తలుపు చూసి, “ఇవాళ వద్దులే” అన్నారు.

స్తెఫను లేచాడు. ఎటు పోతున్నదీ ఎవరికీ చెప్పలేదు, మెట్లు దిగి మెయిన్ రోడ్డెక్కాడు. బస్సుల్లేవు. ఆటోలు రానన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాడు. కూడలిలో కిటికీలకు ఇనుప వలలు బిగించిన పోలీసు వ్యాన్లు నిలబడి ఉన్నాయి, మామూలుగానైతే వాటిని చూసి ఇంకో సందులోకి మళ్లే మనిషి. డిపో ముందు షామియానా, డప్పులు, మైకు, గులాబీ కండువాలు. గుంపు అంటేనే దూరం జరిగేవాడు గుంపు మధ్యకు పోయి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను చూసి ఒక డ్రైవరు అడ్డం వచ్చాడు.

“ఎవరు సార్ మీరు? ఏం కావాలె?”

అలవాటు కొద్దీ నాలుక మీదికి వచ్చేసింది, అంతయ్య కోసం వెతుకుతున్నానండి అని. స్తెఫను దాన్ని మింగాడు. డప్పులు అప్పుడే ఆగాయేమో, మాట అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

“అంతయ్యను దేవులాడుకుంట ఒచ్చిన.”

షామియానా లోపల, మూడో వరసలో ఒక తల ఇటు తిరిగింది. అంతయ్య చాలాసేపు చూశాడు. తర్వాత పక్కవాణ్ని కొంచెం జరగమని, కింద పరిచిన పరదా మీద చోటు తట్టాడు.

“నడిశొచ్చినవానే? కూసో.”

స్తెఫను చెప్పులు విడిచాడు. కూర్చోబోతుండగా గుర్తొచ్చింది, ఈరోజు సందు చివర తల తిప్పి చూడనేలేదు. సార్ వాళ్లు తాళం వేశారో లేదో. అయినా కూర్చున్నాడు.