గాజుల చప్పుడు

నా తోటికోడలు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి, చెయ్యి చేసుకునే యజమాని ఇంటి నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా చాలాకాలం దాక్కుని బతికింది. తిరువూరు తిరిగొచ్చాక కూడా ఎవరైనా తలుపు కొడితే చాలు, గాజులు మోగకుండా రెండో చేత్తో అదిమిపట్టుకుని నిలబడిపోయేది. ఇంట్లో అందరికీ ఆమె కబుర్లే కావాలి. నా ఐదేళ్ల కూతురైతే నా పక్కన పడుకోవడమే మానేసి ఆమె దగ్గరికి చేరింది. నేను ఓర్చుకోలేకపోయేదాన్ని.

ఒకరోజు పిల్లను తీసుకుని ఇద్దరం మ్యాట్నీకి వెళ్లాం. మహానగరంలో కాగితాలు లేకుండా బతికే వలస జనం కథ అది. పోలీసులు ఒక్కో గదీ వెతుకుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆమె గాజులు అదిమిపట్టుకుని సీట్లో కిందికి ఒదిగిపోయింది.

"అక్కా, అది సినిమా. జనం చూస్తున్నారు," అన్నాను విసుగ్గా.

"తెలుసమ్మా. దొరికితే తల్లిని, పిల్లని వేరుచేస్తారు. నేను చూశాను," అంది.

నా కూతురు నా ఒళ్లోంచి జారి ఆమె ఒళ్లోకి ఎక్కింది. ఆ గాజుల మీద తన చేతులు కూడా వేసి, "పెద్దమ్మా, భయపడకు, నేనున్నాగా," అంది.

పుట్టినప్పటి నుంచి ఆ మాట నాతో ఒక్కసారీ అనలేదు.

"ఇటు రా తల్లీ," అని చెయ్యి చాచాను. ఇద్దరిలో ఎవరూ నా వైపు చూడలేదు.