దున్నిన చేనుకు బీడు అని పేరు

మా చెరువును బాగుచేస్తున్నారు. నీళ్లు మునుపటిలా నిలవాలి, ఈ ఏడు చెరువు అంచు చేలల్లో శనగ విత్తొద్దు, నష్టపరిహారం ఇస్తామని ఆఫీసువాళ్లు చెప్పారు. నేను విత్తలేదు. కలుపు పెరగకుండా దున్ని మాత్రం ఉంచాను.

ఈ ఉదయం నష్టం రాసుకోవడానికి ఒక సారు వచ్చాడు. చేను ఫోటో తీసి, ఫోనులో ‘బీడు’ అని నొక్కాడు. పైరు లేదు కాబట్టి నష్టమూ లేదట.

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. అయినా అడిగాను.

"సారూ, మీరు వద్దంటేనే కదా విత్తకుండా ఉండేది?"

"నిజమే పెద్దాయనా. దీంట్లో పైరు, బీడు రెండే ఉండాయి. నేనేం చేసేది?"

"దుక్కి అని రాయండప్పా. కాళ్లు దిగబడతాండాయి, ఈడ బీడు యాడుండాది?"

పక్క చేను ఓబులేసు నవ్వాడు. "అన్నా, దొంగతనంగా నాలుగు గింజలు చల్లింటే నీది పైరయ్యేది. చెప్పిన మాట ఇంటివి, బీడైపాయ!"

సారు బూట్లకంటిన మెత్తటి మట్టిని గట్టుకు రుద్దుకుని వెళ్లిపోయాడు.

ఆ పరిహారం తప్ప ఈ ఏడు మాకు వేరే ఆధారం లేదు. ఇన్నేళ్లలో నా చేనును బీడు అన్నవాళ్లూ లేరు. చెప్పిన మాట విని, దున్ని, విత్తకుండా ఉంచిన చేనును మీ ఊళ్లో ఏమంటారో కాస్త రాయండి. రేపు ఆఫీసుకు పోయి ఆ పేరే రాయమంటాను.