మిల్లు ఆపే తాడు

మొన్నొక సభలో కోటు వేసుకున్న ఒకాయన, పై అధికారి అన్నవాడు పనివాళ్ల పుట్టినరోజులకు కేకు కోయించాలి, అప్పుడే వాళ్లు దగ్గరవుతారు అని ఉపన్యసించాడు. ఒళ్లు మండింది. బడి మొహం చూడకుండా పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి, నాకు కేకుల సంగతి తెలియదు. భయం సంగతి తెలుసు.

ఎనభైల్లో గుంటూరు దగ్గర ఒక పత్తి మిల్లులో యంత్రాలకు నూనె వేసి, బెల్టులు చూసుకునేవాణ్ణి. షెడ్డు మధ్యలో ఒక తాడు వేలాడేది. లాగితే మోటారు గదిలో గంట మోగి మిల్లంతా ఆగిపోతుంది. నిప్పు పుడితే లాగమని పెట్టిన తాడది. కానీ పాత మేనేజరు దగ్గర, లాగినవాడు మర్నాడు గేటు బయటే. నిప్పు నిజమైనా సరే, "నువ్వుండగా ఎట్టా పుట్టిందిరా" అనేవాడు.

అందుకని మాడు వాసన వస్తే ఎవరూ నోరు మెదిపేవాళ్లు కాదు. కుప్ప మీద తడిగోనె కప్పి పని సాగించేవాళ్లం. పత్తిలో నిప్పు పైకి కనపడదు, లోలోపలే పాకుతుంది. అలా కప్పిన కుప్ప ఒకసారి సాయంత్రానికి భగ్గుమని, పక్కనున్న హమాలీ కాళ్లు కాల్చేసింది.

తర్వాత అద్దంకి నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. "వాసనొస్తే లాగండి. ఎవరు లాగారని అడగను" అన్నాడు మొదటిరోజే. మాకు భయం ఇంకా పెరిగింది. పాతాయనకు కోపం ఎప్పుడొస్తుందో తెలుసు, ఈయన సంగతి తెలియదు.

"ఇంత మెత్తగా మాట్లాడుతున్నాడంటే ఎవరినో పంపెయ్యబోతున్నాడ్రా" అన్నాడు తూకం మేస్త్రీ.

ఒక మధ్యాహ్నం యజమాని బేరగాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. పత్తిలో ఆకులూ రాళ్లూ ఏరే పెద్దావిడ ఒకామె చెయ్యి ఆపి గాలి పీల్చింది. ఆమె ఇంటికి ఆ కూలే ఆధారం.

"ఏందయ్యా, నీకు వాసన రాటంలా?"

నాకూ వచ్చినట్టే ఉంది. "బెల్టుదేమో పిన్నీ" అన్నాను.

"నీ బెల్టు కంపు నాకు తెలవదా?"

"యజమాని గారున్నారు. గోనె కప్పుదాం."

"ఆ హమాలీ పిల్లోడి కాళ్లు చూసినదాన్ని, ఎట్టా కప్పమంటావు?" అని, లోపల్లోపల ప్రభువును తలుచుకుని, తాడు లాగేసింది.

మిల్లు ఆగింది. అంతటి చప్పుడు ఒక్కసారిగా పోయేసరికి గేటు బయటి మాటలు కూడా వినిపించాయి. యజమాని పరుగున వచ్చాడు. మేనేజరు మాత్రం కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతులతో పత్తి తవ్వాడు. ఆయనదీ యజమాని చేతిలో ఉన్న ఉద్యోగమే. మేమూ తవ్వాం. నేల తగిలేదాకా తవ్వినా నిప్పు లేదు, మసి లేదు. నిప్పు దొరికినా అంత భయపడేవాళ్లం కాదేమో.

"బేరం మధ్యలో ఉత్తినే ఆపుతారా? ఎవరది?" అన్నాడు యజమాని.

మేనేజరు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "అడగనని మాటిచ్చానండీ."

"అయితే రేపు పొద్దున గేటు దగ్గర నేనే అడుగుతా."

"అడగండి. నేనూ అక్కడే ఉంటాను."

మర్నాడు గేటు లోపల యజమాని కుర్చీ వేసుకున్నాడు. ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు గానీ అందరం బయట ఆ పెద్దావిడ చుట్టూ నిలబడిపోయాం.

"పోండయ్యా, మీ కూలి కూడా పోగొట్టుకుంటారా" అందామె.

"మేం పోతే నువ్వొక్కదానివే కనపడతావు. గమ్మునుండు అత్తా" అన్నాడు తూకం మేస్త్రీ.

"తాడు లాగింది ఎవరు?" అన్నాడు యజమాని లోపల్నుంచి.

మేమంతా ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిగాం. మేనేజరు గేటు దాటి బయటికొచ్చి మాతోపాటు నిలబడ్డాడు. లోపల యంత్రాలు నడిపేందుకు ఒక్కడూ లేడు, లారీలు వచ్చి రోడ్డు మీద ఆగి ఉన్నాయి. యజమాని లారీల వైపూ మా వైపూ చూసి, చివరికి కుర్చీలోంచి లేచి ఆఫీసులోకి వెళ్లిపోయాడు.

"టైమైంది, పదండమ్మా" అన్నాడు మేనేజరు, ఎవరివైపూ ప్రత్యేకంగా చూడకుండా.

ఆఫీసు కిటికీ దాటేదాకా నేను తల పైకెత్తలేదు. పెద్దావిడ తన చోట కూర్చుని, ముందు గట్టిగా గాలి పీల్చి, ఆ తర్వాతే పత్తిలో చెయ్యి పెట్టింది.