గుంటల లోపలి నూగు

విడవలూరులో మా సైన్సు మాస్టారు పోయారని పోయిన నెల కార్డు వచ్చింది. చావు కబురు కార్డు చదవగానే చించి బయట పారేయాలంటారు. నాకు చెయ్యి రాలేదు. ఆయనకు నేను చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది.

మాస్టారికి బొమ్మల పిచ్చి. రికార్డు పుస్తకంలో కంటికి కనపడిందే వేయాలి. అందం కోసం గీత నున్నగా దిద్దితే మార్కులు కోసేవారు. "ఇది నీ కన్ను గీసింది కాదబ్బయా, నీ సోమరితనం గీసింది," అనేవారు.

నేను మద్రాసులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గర పనిలో చేరాక, ఒక సెలవులో దోమ అండకణం ఫొటో తెచ్చి చూపించాను. కణం పైపొర మీద చిన్న చిన్న గుంటలు. ఆయన కిటికీ దగ్గరకు వెళ్లి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. ప్రతి గుంటకూ కణం లోపలివైపు నూగులాంటిది ఉందన్నారు. అది మురికి అన్నాను.

"మురికయితే అంతటా ఉండాల గదా. గుంట ఉన్న కాడే ఎందుకుండాది? ఆ నూగే పొరను పట్టుకోని వంచతా ఉండాదేమో చూడు."

తన తువ్వాలు నన్ను చాపి పట్టుకోమని, కిందనుంచి గుడ్డను వేళ్లతో లాగి గుంట చేసి చూపించారు. ప్రోటీన్లే ఆ పని చేస్తుండాలని ఆయన ఊహ. ఆ యంత్రం మొహమైనా చూడని మనిషి నాకు చెప్పొచ్చారని లోలోపల నవ్వుకున్నాను.

సైన్సు పత్రికకు ఫొటో పంపేముందు ఆ నూగును సన్న కుంచెతో నేనే చెరిపేశాను. ఇంకో ఫొటో పంపమని మాస్టారు రాస్తే, ఆ దిద్దినదే పంపాను. దిద్దానని మాత్రం రాయలేదు. "పెద్ద యంత్రంలో చూసినావు నువ్వు. నేనే పొరబడినాను," అని జవాబు రాశారు.

కొన్నేళ్లకు విదేశీ పత్రికల్లో అవే గుంటలు, అదే నూగు కనిపించాయి. అది ప్రోటీన్ల అల్లిక కావచ్చని, బుట్టలా అల్లుకుంటూ అదే పొరను వంచుతుండవచ్చని రాశారు. ఈ సెలవులో చెబుదాం, వచ్చే సెలవులో చెబుదాం అనుకుంటూ గడిపేశాను. సిగ్గు, అంతే.

పదకొండో రోజున విడవలూరు వెళ్లాను. బడిలో ఆయన గీసిన కణం చార్టు ఇంకా గోడకే ఉంది. గుంటలన్నీ ఉన్నాయి. నా ఫొటోను నమ్మి, ప్రతి గుంట లోపలా తను గీసిన నూగును రబ్బరుతో రుద్దేశారు. అక్కడక్కడ కాగితం పల్చబడి, వెనక గోడ సున్నం కనిపిస్తోంది.